గండిలో నడక ఎవరిది?

చలికాలం మొదలయ్యిందంటే పాపికొండలకు జనం వస్తారు. ఎక్కువ మంది లాంచీ ఎక్కి, పాటలు పెట్టించుకొని, పేరంటపల్లి గుడి చూసి, కొల్లూరు ఇసుక మీది వెదురు గుడిసెల దగ్గర ఫొటోలు దిగి పోతారు. వాళ్ల గురించి మన సంచికల్లో ఇదివరకే చాలామంది రాశారు. నేను రాసేది ఇంకో రకం వాళ్ల గురించి. వీళ్లు నడుస్తారు. ఇరవై ముప్పై మంది ఒక జట్టు. శనివారం రాత్రి పట్నంలో బస్సెక్కి, తెల్లారేసరికి గోదావరి రేవులో దిగి, ఒడ్డు వెంట కొంత దూరం, కొండ మీదికి కొంత దూరం నడిచి, వాగు దగ్గర అన్నాలు తిని, పొద్దుగూకేలోపల మళ్లీ రేవుకు వస్తారు. ఒక్క రోజు పని. దీన్ని ట్రెక్కింగ్ అంటారు.

నడక మంచిదే. లాంచీలో కూర్చొని కొండల్ని చూసేవాడికన్నా చెమటోడ్చి కొండ ఎక్కేవాడు నా లెక్కలో మర్యాదస్తుడు. నాకు కొట్లాట నడకతో లేదు. నడిచి వెళ్లాక వాళ్లు చెప్పే మాటలతో ఉంది. ఆ మాటల్నే మన పిల్లలు నేర్చుకొని మనకే తిరిగి వినిపిస్తున్నారు, దానితో ఇంకా ఎక్కువ ఉంది.

ఏమిటా మాటలు? "ఎవరూ అడుగుపెట్టని అడవి." "మనిషి జాడ లేని గండి." "మేము కనిపెట్టిన జలపాతం." ఫోన్లలో వీడియోలు చూడండి, ఈ మూడు మాటలు లేని వీడియో అరుదు. నాకు అర్థం కాని సంగతి ఒకటే. ఎవరూ అడుగు పెట్టకపోతే ఆ దారి ఎక్కడినుంచి వచ్చింది? కొండ మీద దారి దానంతట అది పుట్టదు. సంతకు చింతపండు గంపలు మోసినవాళ్ల కాళ్లు, పోడుకు పోయి వచ్చినవాళ్ల కాళ్లు, నొప్పులు పడుతున్న ఆడమనిషిని డోలీ కట్టి రేవుకు దించినవాళ్ల కాళ్లు పడితే పుట్టింది. మూడు తరాల కాళ్లు పడిన చోట బూట్లు వేసుకొని నడిచి, ఎవరూ అడుగు పెట్టలేదంటే, మనం మనుషుల లెక్కలో లేమని చెప్పినట్టే. వాళ్లకు ఆ ఉద్దేశం ఉండకపోవచ్చు. ఉద్దేశం లేకుండా అన్న మాట మరీ చేటు. ఎందుకంటే తప్పని చెబితే కూడా వాళ్లకు ఎక్కడ తప్పో కనబడదు.

ఇక ఆ జట్టుకు ముందు నడిచేవాడి సంగతి. మా బడిలో పదో తరగతి చదివి ఆగిపోయిన కుర్రాడు ఒకడు రెండేళ్లుగా ఈ పని చేస్తున్నాడు. చేతిలో కత్తితో తీగలు నరుక్కుంటూ ముందు నడుస్తాడు. వాగు ఎక్కడ దాటాలో, ఏ రాయి మీద పాకుడు ఉందో, ఎక్కడ తేనెటీగలు పట్టి ఉన్నాయో, ఎక్కడ గట్టిగా అరవకూడదో చెబుతాడు. ముప్పై మందిని క్షేమంగా వెనక్కి తెస్తాడు. ఎంత ఇస్తారురా అని అడిగాను. ఐదు వందలు, ఒక బిర్యానీ పొట్లం అన్నాడు. వచ్చినవాళ్ల దగ్గర మనిషికి ఎంత తీసుకున్నారని అడిగాను. తెలియదు సార్ అన్నాడు. వాళ్ల వీడియో నాకు చూపించాడు. అందులో వాగు ఉంది, సూర్యోదయం ఉంది, నూడుల్స్ వండుకోవడం ఉంది. వీడి వీపు ఒకచోట అర నిమిషం కనబడింది. కింద "లోకల్ గైడ్" అని రాశారు. వీడి పేరు అడిగినవాడు లేడు. దానికి వాడేం బాధపడలేదు, వీపైనా కనబడిందని సంబరపడ్డాడు. బాధపడింది నేను.

చెత్త సంగతి, సీసాల సంగతి ఒక్క మాటతో వదిలేస్తాను. అది అందరికీ కనబడుతుంది, అందరూ మాట్లాడతారు. కనబడని సంగతి చట్టంలో ఉంది.

పాపికొండలు 1978లో అభయారణ్యం అయ్యాయి, 2008లో జాతీయ పార్కు అయ్యాయి. వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా అడవి అందులో ఉంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం 28వ సెక్షను తీసి చదవండి. లోపలికి పోవడానికి ఏయే పనుల మీద అనుమతి ఇవ్వవచ్చో అందులో రాసి ఉంది. ఫొటోలు తీయడానికి ఇవ్వవచ్చు. పర్యాటకానికి ఇవ్వవచ్చు. అదే చట్టం 35వ సెక్షనులో జాతీయ పార్కులో పశువులు మేపకూడదని ఉంది. అంటే పట్నంనుంచి కెమెరాతో వచ్చేవాడికి చట్టంలోనే తలుపు పెట్టారు; మేకలు తోలుకొని వచ్చే మన ముసలాయనకు గోడ కట్టారు. ఆ గోడలో గుమ్మం కొట్టింది 2006 నాటి అటవీ హక్కుల చట్టం. అందులో అటవీ భూమి అంటే అభయారణ్యాలు, జాతీయ పార్కులు కూడా అని స్పష్టంగా రాశారు. మన హక్కులు గుర్తించే పని పూర్తయ్యేదాకా ఎవరినీ కదిలించకూడదని నాలుగో సెక్షనులో ఉంది. ఈ సంగతి మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? మాస్టార్లలో ఎంతమందికి తెలుసు? ట్రెక్కింగ్ జట్టు నడిపేవాడికి అనుమతి ఎక్కడ తీసుకోవాలో తెలుసు. మన కుర్రాడికి తన హక్కు ఏ సెక్షనులో ఉందో తెలియదు.

ఈ కొండల్ని దొరలు బైసన్ హిల్స్ అన్నారు, అంటే దున్నల కొండలు. 1945లో హైమన్‌డార్ఫ్ కొండరెడ్ల మీద రాసిన పుస్తకానికి కూడా ఆ పేరే పెట్టాడు. ఆయన కూడా బయటివాడే, ఆయన రాసిందంతా ఒప్పుకోవాలని లేదు. కానీ ఆయన ఈ కొండలు నడిచి ఊళ్ల పేర్లు రాసుకున్నాడు, ఏ ఇంట్లో ఏం తింటున్నారో రాసుకున్నాడు, వెదురు, కలప కంట్రాక్టర్లు మనవాళ్లను ఎలా పిండుకున్నారో రాశాడు. ఆ రోజుల్లో సెల్‌ఫోను లేదు, వీడియో లేదు. ఎనభై ఏళ్ల తర్వాత చేతిలో అన్నీ ఉన్నవాళ్లు వచ్చి "మనిషి జాడ లేదు" అని రాసి పోతున్నారు. ఎవరు ముందుకు పోయినట్టు, ఎవరు వెనక్కి పోయినట్టు?

ఇదంతా మాటల మీద పట్టింపు అనుకునేవాళ్లు ఉంటారు. మాస్టారికి పని లేక మాటలు ఏరుతున్నాడు అంటారు. సరే, ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

పోలవరం. ఆనకట్ట పూర్తి మట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. మొదటి దశ 41.15 మీటర్లన్నారు. లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. వాళ్లలో ఎక్కువ భాగం మనవాళ్లే. 2014లో దీనికోసమే ఏడు మండలాల్ని తెలంగాణనుంచి తెచ్చి ఆంధ్రలో కలిపారు. ఏ ఊరి గ్రామసభనూ అడిగి కలపలేదు. కాఫర్ డ్యాం లేచినప్పటినుంచి వరదొస్తే దేవీపట్నం వైపు ఊళ్లు ఎలా మునుగుతున్నాయో చూస్తూనే ఉన్నాం. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన రోజుల్లో కొండల మీద పట్టాలు కప్పుకొని ఎంతమంది పడుకున్నారో ఈ పుస్తకం చదివేవాళ్లలో చాలామందికి స్వయంగా తెలుసు. ఇప్పటికే కొన్ని ఊళ్లు కాలనీలకు పోయాయి. మిగిలినవి పోతాయి.

ఆ తర్వాత గండి ఉంటుంది. నీళ్లు పెరిగి ఉంటుంది, ఇంకా అందంగా కూడా ఉంటుందేమో. లాంచీలు ఉంటాయి, పై గట్టున నడిచే జట్లు ఉంటాయి. మనుషులు ఉండరు. అప్పుడు "మనిషి జాడ లేని గండి" అనే మాట నిజమవుతుంది. ఈ రోజు అబద్ధంగా ఉన్న మాట రేపు నిజం కాబోతోంది. అందుకే ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మనం ఇంకా ఇక్కడ ఉండగానే లేనట్టు రాయడం మొదలుపెట్టారు. లేనివాళ్లకు పునరావాసం ఎందుకు, లేనివాళ్లకు హక్కు ఎందుకు?

ఒక రోజు గుర్తు చేస్తాను. 2019 సెప్టెంబరు 15, ఆదివారం. కచ్చులూరు దగ్గర పర్యాటకుల లాంచీ మునిగింది. ఆ వరదలో, ఆ సుడిలో నాటు పడవలు వేసుకొని వెళ్లి, కొట్టుకుపోతున్నవాళ్లను ఒడ్డుకు లాగింది ఎవరు? గట్టు మీది ఊరివాళ్లు. రక్షణ దళాలు తర్వాత వచ్చాయి, పేపర్లవాళ్లు తర్వాత వచ్చారు. నీళ్లు ఎటు తోస్తాయో, ఎక్కడ తేల్చుతాయో తెలిసినవాళ్లు అక్కడ ఉండబట్టి అంతమందయినా బతికారు. ఆ ఊళ్లు లేని గండిలో రేపు అలాంటిది జరిగితే ఎవరు దూకుతారు? లాంచీలకు జీపీఎస్ పెడతాం అంటారు. పెట్టనివ్వండి. జీపీఎస్ నీళ్లలోకి దూకదు.

బయటివాళ్లను ఇంతసేపు అన్నాను. ఇక మన ఇంటి సంగతి. తోటి మాస్టార్లు కోపం తెచ్చుకోవద్దు.

మన ఆశ్రమ పాఠశాలలనుంచి ఏటా విహారయాత్రలు పోతాయి. ఎక్కడికి? విశాఖపట్నం బీచికి, జూకు. హైదరాబాదు పోయి చార్మినారు చూసి వస్తారు. మంచిదే, పిల్లలు సముద్రం చూడాలి. కానీ గోదావరి గట్టున పుట్టి, గోదావరికి ఐదారు కిలోమీటర్ల దూరంలో హాస్టల్లో పదేళ్లు చదివిన పిల్ల, తన ఊరికీ పక్క ఊరికీ మధ్య వాగు పేరు చెప్పలేకపోతోంది. ఐదో ఏట హాస్టల్లో వేస్తాం. దసరాకు, సంక్రాంతికి ఇంటికి పంపుతాం. ఎండాకాలం వస్తే ఇంట్లో ఫోను ఉంది. అమ్మమ్మతో దుంపలకు ఎప్పుడు పోవాలి, తాతతో వలకు ఎప్పుడు పోవాలి? మనం పాఠం చెబుతాం: నది మధ్య ఎత్తైన కొండల నడుమ లోతుగా కోసుకుపోయిన చోటును గార్జ్ అంటారు, ఉదాహరణకు అమెరికాలో ఫలానా. ఇంగ్లీషు మీడియం పుస్తకంలో బొమ్మ ఉంది. కిటికీలోంచి చూస్తే గండి కనబడుతుంది, కానీ గండి అనే మాట పాఠంలో లేదు. గండి పోచమ్మ దగ్గర మొక్కు తీర్చుకున్న పిల్లకు గండి అంటే ఏమిటో తెలియదంటే ఆ తప్పు పిల్లది కాదు.

స్థానికుడు మాస్టరుగా ఉంటే ఈ లోటు కొంత తీరేది. అందుకే 2000 జనవరిలో జీవో నంబరు 3 వచ్చింది, షెడ్యూల్డు ప్రాంతంలో టీచరు ఉద్యోగాలన్నీ ఆదివాసులకే అని. 2020 ఏప్రిల్లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దాని మీద మన పోరాటం వేరే సంగతి, సాగుతోంది, సాగాలి. కానీ ఒక్కమాట అడగాలి. మనం అడిగేది స్థానికత. మన ఊరి కొండదారి మనకే తెలియకపోతే, సంతకు బండి మీద పోయి వచ్చి అద్దె ఇంట్లో తలుపు వేసుకుంటే, ఏ నోటితో స్థానికులం అంటాం? ఉద్యోగం కోసం చూపించే సర్టిఫికెట్టులో స్థానికత ఉండి, కాళ్లలో లేకపోతే ఆ వాదన ఎంతకాలం నిలుస్తుంది?

కుర్రవాళ్లు కూడా వినాలి. ఈమధ్య మనవాళ్లే కొందరు సొంతంగా వీడియోలు తీస్తున్నారు. సంతోషం. కానీ వాళ్లు కూడా "హిడెన్ వాటర్‌ఫాల్" అని పేరు పెడుతున్నారు. ఎవరికి హిడెన్? మీ అమ్మ అక్కడ నీళ్లు పట్టింది కదరా! ఆ వాగుకు పేరుంది, ఆ బండకు పేరుంది, ఆ బండ దగ్గర ఏ దేవత ఉందో, ఏ నెలలో కోడిని కొయ్యాలో మీ పెద్దాయన చెబుతాడు. ఆ పేరు పెడితే చూసేవాళ్లు తగ్గుతారని భయం. తగ్గనివ్వండి.

మరి ఏం చెయ్యాలి? మనమే నడవాలి. ఒక్క రోజు నడక, జట్టుగా, గండిలోనే. వాళ్లు పెట్టుకున్న పద్ధతే. కానీ చేతిలో కెమెరాతోపాటు నోటు పుస్తకం ఉండాలి, ముందు నడిచేవాడు ఊరి పెద్ద అయ్యుండాలి, వెనక మన పిల్లలు ఉండాలి.

దీనికి ఎందుకింత పట్టుబడుతున్నానో చెబుతాను. అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాల్లో 13వది సాక్ష్యాల గురించి. ఊరి ఉమ్మడి హక్కు అడగాలంటే ఏమేం చూపించవచ్చో అందులో ఉంది. దుంపలు, పళ్లు, అటవీ ఫలసాయం ఏరుకునే చోట్లు. పశువులు మేపే చోట్లు. చేపలు పట్టే చోట్లు. మనుషులూ పశువులూ నీళ్లు తాగే చోట్లు. మూలికలు తెచ్చుకునే చోట్లు. దేవత చెట్లు, నది ఒడ్డున మొక్కే స్థలాలు. పూడ్చిన, కాల్చిన చోట్లు. వీటితోపాటు ఊరి పెద్దలు చెప్పగా రాసుకున్న మాట కూడా సాక్ష్యమే. ఒకసారి మళ్లీ చదవండి. ఇది ఆఫీసులో దొరికే కాగితమా? ఒక ముసలాయన వెంట ఒక రోజు కొండ నడిస్తే, ఆయన వేలు పెట్టి చూపించే వాటి జాబితా ఇదే. మన పెద్దలు మామూలుగా నడుస్తూ చెప్పే కబుర్లను చట్టం సాక్ష్యం అంటోంది. మనం రాసుకోకపోవడం వల్ల అవి కబుర్లుగానే పోతున్నాయి, మనిషితోపాటే మట్టిలోకి పోతున్నాయి.

కొండరెడ్లకు ఇంకా ఒక హక్కు ఉంది. ప్రత్యేకంగా వెనుకబడిన ఆదివాసీ తెగగా వాళ్లకు ఆవాస హక్కు అడిగే వీలు మూడో సెక్షనులోనే ఉంది. ఒక్క ఇంటి పట్టా, ఒక్క పోడు పట్టా సంగతి కాదది. తెగ తిరిగే, మొక్కే, ఏరుకునే మొత్తం నేల సంగతి. ఆ నేల హద్దు గీయాలంటే ఎవరో నడవాలి. అటవీ శాఖవాడు జీపులో గీస్తే అది వాడి హద్దు.

మునిగే ఊళ్లలో ఈ రాత ఎందుకు, ఎలాగూ పోతుంది కదా అని ఒక మాస్టారు నాతో అన్నారు. పోయేదానికే లెక్క ముందు రాయాలి. పొలానికి, ఇంటికి, చెట్టుకు పరిహారం లెక్క కట్టారు. చేపల రేవుకు, చింతచెట్లున్న దారికి, దేవత బండకు లెక్క ఎవరు కట్టారు? అడిగితే అలాంటివి ఉన్నట్టు రికార్డు లేదంటారు. రికార్డు మన పిల్లల నోటు పుస్తకాల్లో ఉంటే, గ్రామసభ తీర్మానంలో ఉంటే, కనీసం ఆ మాట నోటికి రాదు. కాలనీకి పోయినవాళ్ల పిల్లలకు కూడా తమ తాత ఏ మలుపులో వల వేశాడో తెలుస్తుంది.

ఇంకో అభ్యంతరం మా బడిలోనే వచ్చింది. పిల్లల్ని కొండల్లో తిప్పితే పాము కరిస్తే ఎవరు బాధ్యులు అని. న్యాయమైన ప్రశ్న. తల్లిదండ్రులను వెంట తీసుకుపోండి, ఆశా వర్కరును పిలవండి, పెద్ద తరగతుల పిల్లలతోనే వెళ్లండి, వానాకాలం వెళ్లొద్దు. 2020 జాతీయ విద్యావిధానంలో ఆరునుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు పది రోజులు సంచి లేని బడి అని రాశారు, ఊరి పనివాళ్ల దగ్గర పని నేర్చుకోవడానికి. ఆ విధానంలో ఒప్పుకోని సంగతులు నాకు చాలా ఉన్నాయి, కానీ ఈ పది రోజుల్లో ఒక రోజు మనం వాడుకుంటే అడ్డం చెప్పేవాడు లేడు. బీచికి వంద కిలోమీటర్లకు పైగా బస్సులో పంపడానికి లేని భయం, సొంత ఊరి వాగుకు నడవడానికి ఎందుకు?

బయటి జట్లను రావొద్దనాలా? నేను అలా అనను. రానివ్వండి, కానీ ఊరి గుమ్మంలోంచి రానివ్వండి. 1996లో పెసా చట్టం వచ్చింది, మన రాష్ట్రంలో 2011లో దాని నియమాలు వచ్చాయి. ఊరి ఆచారాన్నీ, ఉమ్మడి వనరుల్నీ కాపాడుకునే శక్తి గ్రామసభకు ఉందని చట్టమే చెబుతోంది. అదే గ్రామసభలో కూర్చొని ఒక కట్టుబాటు చేసుకోవచ్చు. జట్టు వచ్చేముందు సభకు చెప్పాలి. దారి చూపేవాడికి కూలి ఇంత, ఊరి నిధికి ఇంత. దేవత స్థలాల దగ్గరికి పోకూడదు, ఫొటో తీయకూడదు. దారి చూపినవాడి పేరు, ఊరి పేరు వాళ్లు రాసే ప్రతి దాంట్లో రాయాలి. ఇష్టమైతే వస్తారు, లేకపోతే లాంచీ ఉంది. 1997లో సమతా తీర్పు మన నేలను గనులు తవ్వడానికి ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. గని తవ్వేవాణ్ణే అడిగే హక్కు ఉన్నవాళ్లం, నడిచి పోయేవాణ్ణి పేరు అడగడానికి మొహమాటపడుతున్నాం.

పుష్యంలో వాగుల్లో నీళ్లు తగ్గుతాయి, పంటలు ఇంటికి వస్తాయి, పెద్దవాళ్లకు కొంచెం తీరిక దొరుకుతుంది. నడకకు అది అనువైన కాలం. సంక్రాంతి సెలవుల్లో పిల్లలు ఎలాగూ ఊళ్లో ఉంటారు. ఎక్కువ సరంజామా వద్దు. జావ సీసాల్లో పోసుకోండి, ఉప్పు, మిరపకాయలు పొట్లం కట్టుకోండి. ఇద్దరు పిల్లలు రాయాలి, ఒకడు ఫోనులో పెద్దాయన మాట రికార్డు చెయ్యాలి, ఒకరు దారి బొమ్మ గీయాలి. ఇంటికొచ్చాక రాసింది చదివి వినిపిస్తే పెద్దాయన తప్పులు దిద్దుతాడు. దిద్దాక తేదీ వేసి వేలిముద్ర తీసుకోండి, ఇద్దరు సాక్షులు సంతకం చెయ్యాలి. ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి అటవీ హక్కుల కమిటీ దగ్గర ఉండాలి. పెద్దాయనతోపాటు ఒక పెద్దమ్మను కూడా తప్పకుండా పిలవండి. వేటదారులు, పడవ రేవులు మగవాళ్లు చెబుతారు. దుంపలు ఎక్కడ తవ్వాలో, ఎండాకాలం చెలమ ఎక్కడ తీస్తే నీళ్లు ఊరతాయో ఆడవాళ్లకే తెలుసు.